గాజు మీద విక్కర్స్ యంత్రం: ఏళ్ల తరబడి వాడాక

బరంపురంలో మా కళాశాల ప్రయోగశాలలోని విక్కర్స్ మైక్రో హార్డ్‌నెస్ టెస్టర్ (సూక్ష్మమైన గుంట చేసి పదార్థపు కాఠిన్యాన్ని కొలిచే యంత్రం) కొన్నేళ్లుగా నా చేతి కిందే ఉంది. తెప్పించింది లోహాల కోసం, నేను ఎక్కువగా వాడింది గాజు మీద. ఉక్కు ముక్కలకు ఇది చూపే అంకెలను నిశ్చింతగా రాసుకుంటాను. గాజు దగ్గర మాత్రం అంకెల కంటే సూక్ష్మదర్శినిలో కనిపించేదే నాకు విలువైనది.

ఎదురెదురు ముఖాల మధ్య 136 డిగ్రీల కోణమున్న వజ్రపు పిరమిడ్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి ఉంచి తీస్తుంది. మిగిలిన చదరపు గుంట వికర్ణాలను మనం కొలిచి, వాటి నుంచి కాఠిన్యాన్ని లెక్కగట్టాలి. చిక్కంతా అక్కడే. మామూలు కిటికీ గాజు మీద 100 గ్రాముల భారానికి వికర్ణం 18 మైక్రాన్లకు అటూ ఇటూగా వస్తుంది. ఒక్క మైక్రాన్ తేడాగా చదివితే కాఠిన్యం 11 శాతం మారిపోతుంది. పోనీ అని భారం కిలోకు పెంచితే గుంట పెద్దదవుతుంది కానీ, మూలల నుంచి పగుళ్లు బయలుదేరతాయి, అంచులు పెచ్చులూడతాయి. ఇక కొలిచేది దేన్ని? పైగా గాజు పారదర్శకం, గుంట అంచు సరిగా ఆనదు. పలక కింద నల్ల కాగితం పరిస్తే కొంత నయం.

అయినా దీన్ని వదులుకోను. గాజుకు పగలడమే తప్ప నలగడం తెలియదనుకునే విద్యార్థికి, తక్కువ భారంతో చేసిన గుంట చూపిస్తే చాలు. పగులే లేకుండా శాశ్వతంగా లొత్తపడి ఉంటుంది. కిటికీ గాజులో పదార్థం కోతకు లోనై (అంటే పొరలు ఒకదానిపై ఒకటి జారి) పక్కలకు జరుగుతుంది, కొంత కుదించుకుపోతుంది. స్వచ్ఛమైన సిలికా గాజులో కుదింపుదే పైచేయి. అందుకే దానిలో మూలల పగుళ్లకు బదులు గుంట చుట్టూ వలయాకారపు పగుళ్లు ఎక్కువగా కనిపిస్తాయి.

పెచ్చులు లేపే అడ్డ పగుళ్లు వజ్రం పైకి లేచేటప్పుడు పుడతాయి. ఆ క్షణాన్ని ఈ యంత్రం చూపించదు, వజ్రమే అడ్డం. నా దృష్టిలో దీని అతి పెద్ద లోటు అదే.

గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే తేమగాలి మరో పాఠం నేర్పింది. పగులు మొనలో సాగి ఉన్న సిలికాన్–ఆక్సిజన్ బంధాలను నీటి ఆవిరి తెంచుతుంది కాబట్టి, భారం తీసేశాక కూడా పగులు మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. వానాకాలంలో “మాస్టారూ, పొద్దున కొలిచిన దానికన్నా పొడవుంది” అని పిల్లలు చెప్పని రోజు అరుదు. తేమ తగలకుండా నొక్కే ముందు గాజు మీద ఒక చుక్క పారఫిన్ నూనె వేయడం, అందరూ ఒకే వ్యవధికి కొలవడం మా ప్రయోగశాలలో నియమం. పగులు పొడవు నుంచి దృఢత్వాన్ని (పగులు సాగకుండా తట్టుకునే శక్తిని) లెక్కగట్టే 1981 నాటి ఆన్‌స్టిస్ సూత్రాన్ని రెండు గాజులను పోల్చడానికే వాడతాను. దానితో వచ్చిన విలువను ఖాయమని నివేదికలో రాయనివ్వను.

బయట లారీ వెళ్తే ఆ అదురుకు గుంట వంకరపోతుంది, యంత్రాన్ని బరువైన రాతి పలక మీద బిగించాల్సిందే. మరమ్మతు మనిషి భువనేశ్వర్ నుంచి రావాలి, ఫోను చేసిన వారానికి వస్తే మన అదృష్టం. కొనేవారు అదనపు వజ్రపు మొన ధరను ముందే రాయించుకోండి.