బాలిలో మర్దన: సనూర్, ఉబుద్, ఒక రిసార్టు

బాలికి వెళ్లే మనవాళ్లలో చాలామంది మర్దనను యాత్ర చివరి రోజుకు వాయిదా వేసుకుంటారు. నా దృష్టిలో అది మొదటి సాయంత్రమే చేయించుకోవలసినది. హైదరాబాదు నుంచి సింగపూర్ మీదుగానో కౌలాలంపూర్ మీదుగానో చేరేసరికి నడుము, పిక్కలు పట్టేసి ఉంటాయి. ఆ బిగువు ముందే వదిలితే మెట్ల మీద గుడులు, కొండదారులు ఎంతో తేలికవుతాయి. మేము మొదటి బసకు సనూర్‌ను ఎంచుకున్నది ఇందుకే: విమానాశ్రయానికి దగ్గర, తూర్పు తీరంలో ప్రశాంతమైన ఊరు, కూటా, సెమిన్యాక్‌లలోని రద్దీ ఇక్కడ లేదు.

సనూర్‌లో సముద్రపు ఒడ్డున సాగే నడకదారి వెంట, లోపలి వీధుల్లోనూ చిన్న మర్దన కేంద్రాలు చాలా కనిపిస్తాయి. మేము వెళ్లినచోట గంటకు 1,50,000 రుపియాలు, అంటే మన లెక్కలో సుమారు 800 రూపాయలు తీసుకున్నారు. ముందు పూలు వేసిన గోరువెచ్చని నీటితో పాదాలు కడిగారు. తరువాత బోర్లా పడుకోబెట్టి, దేవగన్నేరు పరిమళం కలిపిన కొబ్బరినూనెను వీపుకు పట్టించి, వెన్నెముకకు ఇరువైపులా అరచేతులతో కిందినుంచి భుజాల దాకా పొడవుగా, తొందర లేకుండా ఒత్తుతూ వెళ్లారు. కండరం కాస్త వెచ్చబడ్డాకే బొటనవేళ్లతో ముడిపడిన చోట్లను నొక్కడం, పిండి కలిపినట్లు పిసకడం, చర్మాన్ని వేళ్ల మధ్య పట్టి దొర్లించడం మొదలయ్యాయి. బాలి పద్ధతికి ప్రాణం ఈ క్రమంలోనే ఉంది. థాయ్ పద్ధతిలో నూనె లేకుండా, బట్టలతోనే చాప మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ సాగదీస్తారు. కేరళ అభ్యంగనంలో నూనెదే ముఖ్యపాత్ర. ఇక్కడ మాత్రం నూనె చేతికి దారి ఇచ్చేంత వరకే, మిగిలినదంతా ఒత్తిడి తెలిసిన చేతుల పని. ఆ ఒత్తిడి మనకు ఎక్కువనిపిస్తే ‘పెలాన్ పెలాన్’ అంటే చాలు, వెంటనే తగ్గిస్తారు. నొప్పిని ఓర్చుకుంటేనే ఫలితం ఉంటుందని భావించి నోరు మెదపకుండా ఉండేవారికి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఉబుద్‌కు వెళ్లాక మా అమ్మగారికి ‘బోరే’ చేయించాము. ఈ యాత్రలో అన్నిటికంటే విలువైనది నాకు ఇదే అనిపించింది. బియ్యం, లవంగాలు, అల్లం, జాజికాయ, దాల్చినచెక్క వంటివి నూరిన ముద్దను ఒళ్లంతా పట్టించి, గుడ్డ చుట్టి కాసేపు ఉంచుతారు. వరిమళ్లలో తడిలో నిలబడి పనిచేసే రైతులు ఒంటికి వేడి పుట్టడానికీ, కీళ్ల నొప్పులకూ వాడుకున్న మందు ఇది. స్పాల కోసం పుట్టినది కాదు. కొద్ది నిమిషాల్లోనే లోపలినుంచి వెచ్చదనం పాకుతుంది. ఆ ముద్ద ఆరాక రుద్ది తీసివేసి, తురిమిన క్యారెట్‌తో చర్మాన్ని చల్లబరిచారు. అమ్మగారి మోకాళ్లకు ఆ రాత్రి హాయిగా ఉంది. అది చికిత్స అని నేను చెప్పను. గర్భిణులు, జ్వరం ఉన్నవారు, చర్మం సున్నితంగా ఉన్నవారు, ఎండకు ఒళ్లు కమిలినవారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ధరల పట్టికలో పక్కనే కనిపించే ‘లులుర్’ జావా రాజాస్థానాల నుంచి వచ్చిన పసుపు, బియ్యప్పిండి నలుగు. అదీ బాగుంటుంది కానీ, పెళ్లిళ్లలో నలుగు ఎరిగిన మనకు అంత కొత్తగా అనిపించదు.

దక్షిణ తీరంలోని ఒక రిసార్టులో కూడా చేయించుకున్నాము. గది, పూల స్నానం, లోయ వైపు తెరుచుకునే కిటికీ అన్నీ అందంగానే ఉన్నాయి. అయితే ఖర్చు సనూర్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పాదాలు కడగడం, బట్టలు మార్చుకోవడం కూడా ఆ గంటలోనే లెక్కవేయడం నాకు అన్యాయమనిపించింది. ఇలాంటి చోట్ల ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే పన్ను, సేవా రుసుము అదనమని అర్థం. రెండూ కలిసి తరచుగా 21 శాతం వరకు ఉంటాయి. మర్దన నిడివి ఎంతో, మొత్తం ఎంత చెల్లించాలో ముందే అడిగి తెలుసుకోవాలి.

బాలిలో ‘బలియన్’ అనే సంప్రదాయ వైద్యులు వేరే ఉన్నారు. వారి విద్యకు ఆధారమైన ‘ఉసద’ గ్రంథాలు తాటాకుల మీద ఉన్నాయి. సింగరాజాలో 1928లో స్థాపించిన గెదోంగ్ కీర్త్య గ్రంథాలయం తాటాకు ప్రతులకు పేరుపొందింది. స్థానికులు జబ్బు చేసినప్పుడు, భక్తితో, నైవేద్యంతో బలియన్ల దగ్గరకు వెళతారు. విహారానికి వచ్చినవారు దాన్ని మరొక స్పా సేవగా భావించి వరుసకట్టడం నాకు నచ్చలేదు, మేము వెళ్లలేదు.

ఉగాది సెలవుల్లో వెళ్లదలచినవారు న్యెపి తేదీని తప్పక చూసుకోవాలి. శక సంవత్సరాది అయిన ఆ మౌనదినం 2023లో మన ఉగాదితో పాటు మార్చి 22నే వచ్చింది. ఉదయం ఆరు గంటల నుంచి మరునాడు ఉదయం ఆరు దాకా విమానాశ్రయంతో సహా అన్నీ మూసివేస్తారు, వీధిలోకి ఎవరూ రాకూడదు. బోరే వంటివి దానికి ముందో తరువాతో ఏర్పాటు చేసుకోవాలి.