సౌత్‌డేల్ మాల్: పద్నాలుగు చలికాలాలు నడిచాక

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఈడైనాలో సౌత్‌డేల్ సెంటర్ అనే మాల్‌కి పద్నాలుగేళ్లుగా వెళ్తున్నాను. కొనడానికి వెళ్లింది తక్కువ, నడవడానికి వెళ్లిందే ఎక్కువ. నవంబరు నుంచి మార్చి దాకా ఈ ఊళ్లో బయట నడకంటే భయమే. కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచు మీద అరవై దాటినవాళ్లని నడిపించే ధైర్యం నాకు లేదు. అందుకే అమ్మ మా దగ్గరికి వచ్చిన ప్రతి శీతాకాలం మా ఉదయాలు ఈ మాల్‌లోనే గడిచాయి. ఇందులో షాపులు మారుతూనే ఉంటాయి, వాటి గురించి రాస్తే ఏడాదికే పాతబడుతుంది. భవనం గురించి, దాని కథ గురించి రాస్తాను.

మొదటిసారి తీసుకెళ్లిన రోజు బయట మైనస్ ఇరవై. అమ్మ చీర మీద స్వెటరు, దాని మీద నా పాత కోటు, మంకీ క్యాప్. లోపలికొచ్చి నాలుగడుగులు వేసిందో లేదో క్యాప్ తీసి చేతిలో పట్టుకుంది. మధ్యలో ఉన్న పెద్ద కోర్టు (చుట్టూ షాపులున్న ఖాళీ ఆవరణ) దాకా వచ్చి, తలెత్తి చూసి, "ఇక్కడ ఎండ పడుతోందేంట్రా!" అంది. నిజంగానే పైనుంచి పగటి వెలుగు దిగుతుంది. ఆ వెలుగులో పై అంతస్తు వైపు లేచిన రెండు లోహపు చెట్లున్నాయి, సన్నటి కొమ్మలు, బంగారు రంగు. హారీ బెర్టోయా అనే శిల్పి మాల్ తెరిచినప్పుడే చేసినవవి. అమ్మకి అవంటే ఎంతో ఇష్టం. "మన రౌండు చెట్ల దగ్గర మొదలెట్టి చెట్ల దగ్గర ముగించాలి" అని నియమం పెట్టింది.

ఆ రోజు ఆవిడకి కలిగిన ఆశ్చర్యం కోసమే ఈ మాల్ కట్టారని నాకు తర్వాత చదివితే తెలిసింది. దీన్ని గీసిన విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టిన యూదు ఆర్కిటెక్ట్. నాజీలు ఆస్ట్రియాలోకి వచ్చిన 1938లోనే అమెరికా పారిపోయి వచ్చాడు. అమెరికా శివార్లలో ఇళ్లున్నాయి, రోడ్లున్నాయి, కార్లున్నాయి, కానీ మనుషులు తీరిగ్గా కలుసుకునే చోటే లేదన్నది అతని బాధ. వియన్నా కూడళ్లలో తను చూసిన సందడిని ఒక కప్పు కింద పెట్టాలనుకున్నాడు. 1954లో డెట్రాయిట్ దగ్గర నార్త్‌లాండ్ కట్టాడు కానీ అందులో నడిచే దారులు ఆరుబయటే. మిన్నెసోటా చలికి అది పనికిరాదు. అందుకే 1956 అక్టోబర్ 8న తెరిచిన సౌత్‌డేల్‌లో షాపులన్నిటి ముఖాలూ లోపలికి తిప్పి, మొత్తం కప్పేసి, ఏడాదంతా 24 డిగ్రీల దగ్గర ఉంచాడు. పూర్తిగా కప్పు కింద ఉండే శివారు మాల్‌కి అమెరికాలో ఇదే మొదటి నమూనా అని పేరు.

నడిచేవాడిగా నాకు బాగా నచ్చింది రెండంతస్తుల ఏర్పాటు. అన్నీ ఒకే అంతస్తులో పరిస్తే ఆ చివర షాపుకి ఎవరూ పోరు. అందుకని షాపుల్ని కిందా పైనా పేర్చి, ఎస్కలేటర్లు పెట్టి, పార్కింగ్‌ని కూడా రెండు ఎత్తుల్లో చదును చేయించారు. కారు దిగినవాళ్లు ఏ అంతస్తులోకైనా నేరుగా రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి ఇది ఎంత మేలో నాకు తెలుసు.

మొదలుపెట్టినప్పుడు 72 షాపులు, దాదాపు 5,200 కార్లకి చోటు. కట్టించింది మినియాపొలిస్ నడిబొడ్డున పెద్ద స్టోరున్న డేటన్ కుటుంబం. తమ పోటీదారు డోనాల్డ్‌సన్స్‌ని కూడా ఇదే కప్పు కిందకి తెచ్చుకున్నారు. ఇద్దరు పెద్దలుంటే జనం రెట్టింపు వస్తారని లెక్క, అది ఫలించింది. 

ఆ పెద్ద స్టోర్ల మీద ఆధారపడటమే మాల్‌లకి బలం, అదే ప్రాణగండం. దీన్ని నేను పుస్తకంలో కంటే ముందు కళ్లతో చూశాను. ఇక్కడికి రాకముందు వేరే రాష్ట్రంలో మా అపార్ట్‌మెంట్ పక్కన ఒక మాల్ ఉండేది. మా పెళ్లయిన కొత్తలో ప్రతి శనివారం అక్కడే. ఒక ఏడు దాని చివరనున్న పెద్ద స్టోర్ మూతపడింది. తర్వాత బూట్ల షాపు, తర్వాత కళ్లద్దాల షాపు. పెద్ద స్టోర్ పోతే అద్దె తగ్గించుకోవచ్చు లేదా ఖాళీ చేయొచ్చు అనే షరతు చిన్న షాపుల లీజుల్లో సాధారణంగా ఉంటుందట. ఏడాదిన్నరకి లోపలి ఫౌంటెన్‌లో నీళ్లు ఆపేశారు, అడుగున చిల్లర నాణేలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ ఫౌంటెన్ గుర్తొస్తే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

దేశమంతా అలాంటి మాల్‌లు అంతగా లేవడానికి ఒక కారణం పన్నులు. 1954లో అమెరికా పన్ను చట్టం మారి, కొత్త వాణిజ్య భవనాల తరుగుదలని, అంటే పాతబడి తగ్గే విలువని, మొదటి ఏళ్లలోనే ఎక్కువగా ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించుకునే వీలొచ్చింది. ఊరి శివార్లలో చవక పొలం కొని మాల్ కట్టడం జనం అవసరంతో పని లేకుండానే లాభసాటి అయింది. 1956లోనే జాతీయ రహదారుల చట్టం వచ్చి దారులూ పడ్డాయి.

గ్రూయెన్ అడిగింది అది కాదు. సౌత్‌డేల్ చుట్టూ దాదాపు 460 ఎకరాల్లో ఇళ్లు, బడి, ఆసుపత్రి, పార్కు, చెరువు గీశాడు. వాటి మధ్యలో గుండెకాయ మాల్. జనానికి నచ్చింది గుండెకాయ ఒక్కటే, దాన్నే దేశమంతా నకలు చేశారు, చుట్టూ కార్ల మైదానాలతో. విసిగిపోయి అతను వియన్నా తిరిగి వెళ్లిపోతే, ఆ ఊరి బయట కూడా ఒక పెద్ద మాల్ లేచి చిన్న కొట్లని దెబ్బతీసింది. 1978లో లండన్‌లో మాట్లాడుతూ, ఇలాంటి కట్టడాలకి తను తండ్రిని కానని తేల్చి చెప్పాడు. ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆయన సృష్టిలో మా అమ్మ రోజూ హాయిగా నడుస్తోందన్న సంగతి ఆయనకి చెప్పగలిగితే బాగుండునని అనిపించింది.

ఈ పద్నాలుగేళ్లలో నేను చూసిన పెద్ద మార్పు ఆ చుట్టుపక్కలే. పార్కింగ్ మూలల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి, హోటల్ వచ్చింది. జేసీ పెన్నీ అనే పెద్ద స్టోరు పోయిన చోట 2019 చివర్లో లైఫ్ టైమ్ జిమ్ తెరిచింది. ఇప్పుడు పొద్దున్నే చంకలో యోగా చాప పెట్టుకుని, రోడ్డు దాటి నడిచొచ్చేవాళ్లు కనిపిస్తారు. కారు తాళాలు లేకుండా మాల్‌కి వచ్చే మనుషులు! గ్రూయెన్ కాగితం మీద గీసినదాంట్లో కొంతైనా అరవై ఏళ్ల తర్వాత నేల మీదకి వస్తోందని నా నమ్మకం.

చూడదలుచుకుంటే వారం మధ్యలో, ఎండ కాసే శీతాకాలపు పొద్దున వెళ్లండి. షాపింగ్ తర్వాత చేసుకోవచ్చు. ముందు కోర్టులో కూర్చుని ఆ రెండు చెట్లనీ కాసేపు చూడండి, మబ్బు కదిలినప్పుడల్లా ఆకుల రంగు మారుతుంది. అమ్మ డిసెంబరులో మళ్లీ వస్తోంది. ఆవిడ నడక బూట్లు ఇప్పటికే కారు డిక్కీలో పెట్టాను.