జాగ్రత్త: ఆ చవక ఆన్‌లైన్ మార్కెటింగ్ ప్యాకేజీ తీసుకుంటే మీ వ్యాపారం వాళ్ళ పేరున ఉంటుంది

కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. కానీ ఈలోగా ఇంకెవరో డబ్బు కట్టేస్తారన్న ఆలోచన నన్ను నిలవనివ్వడం లేదు. చిన్న వ్యాపారులకు తక్కువ ఖర్చుతో ఆన్‌లైన్ మార్కెటింగ్ చేసిపెడతామంటూ వరసగా ఫోన్లు చేసే ఆ సంస్థ మీకు తెలిసే ఉంటుంది. ‘గూగుల్ మొదటి పేజీలో మొదటి స్థానం, రాతపూర్వక హామీ’ అన్న ప్రకటన వాళ్ళదే. పేరు రాయను. ఆ ప్రకటన చూసినవారికి పేరు అక్కర్లేదు.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. వెబ్‌సైట్, దానికి డొమైన్ పేరు (అంటే సైటు చిరునామా), గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్, ఫేస్‌బుక్ పేజీ, ప్రకటనలు, అన్నీ కలిపి నెలవారీ ప్యాకేజీ అన్నారు. తీసుకున్నాను. గిరాకీ పెరగలేదు. ఒప్పుకున్న గడువు పూర్తయ్యేదాకా మొత్తం డబ్బు చెల్లించి, ఇక వద్దని మర్యాదగా చెప్పాను. వాళ్ళకు నేను పైసా బాకీ లేను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, డబ్బు ఎగ్గొట్టిన వాళ్ళకే ఇలా జరుగుతుందని వాళ్ళు అందరికీ చెప్పుకుంటున్నారు.

తరువాత జరిగింది వినండి. ఒక పాత కస్టమరు మిషను సంచిలో పెట్టుకుని వచ్చారు. ‘మూసేశారట కదండీ, అయినా ఈ దారిలోనే కదా, ఒకసారి చూసి పోదామని వచ్చాను’ అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. ఆవిడ ఫోను తీసి చూపించారు. మ్యాప్స్‌లో మా దుకాణం పేరు, దాని పైన నేను తీసిన ఫొటో, పేరు కింద ఎర్రటి అక్షరాలతో ‘శాశ్వతంగా మూసివేయబడింది’. నేను ఆ మాట చదువుతున్నప్పుడు నా వెనకాల బల్ల మీద మిషను మోటారు తిరుగుతూనే ఉంది. దుకాణం తెరిచి ఉంది, నేను లోపల ఉన్నాను, బయట లోకానికి మాత్రం మేము లేము.

అక్కడున్న ఫోన్ నంబరు కూడా నాది కాదు. ప్రకటనల వల్ల ఎన్ని కాల్స్ వచ్చాయో లెక్క తెలియాలని మొదట్లోనే వాళ్ళ నంబరు పెట్టి, దాని నుంచి నా ఫోనుకు మళ్ళించారు. ఇప్పుడు ఆ మళ్ళింపు తీసేశారు. ఈ మధ్యలో ఎంతమంది ఫోను చేసి ఊరుకున్నారో నాకు ఎప్పటికీ తెలియదు. వచ్చినావిడకు ఈ దారి తెలుసు కాబట్టి వచ్చారు. తెలియనివాళ్ళు వేరే చోటికి వెళ్ళి ఉంటారు.

ప్యాకేజీ అమ్మిన మనిషికే ఫోను చేశాను. డబ్బు కట్టేదాకా మాట మాటకూ ‘అక్కా’ అన్న మనిషి. ఈసారి గొంతే మారిపోయింది. ‘చూడండి మేడమ్, ప్యాకేజీ ఆగితే ప్రొఫైల్ కూడా ఆగుతుంది’ అన్నాడు. ‘ఆ ప్రొఫైల్ నా దుకాణానిది కదా’ అన్నాను. ‘దుకాణం మీది, ప్రొఫైల్ మాది. మేము తయారుచేసినదాన్ని మేము మూసుకున్నాం. అందులో తప్పేముంది?’ అన్నాడు. తిరిగి కావాలంటే బదిలీ రుసుము కట్టాలట. డొమైన్‌కు వేరే రుసుమట. రెండూ కలిపితే నేను అప్పటిదాకా కట్టిన ప్యాకేజీ కంటే ఎక్కువ. ఇది ఒప్పందంలో ఎక్కడ రాసి ఉందో చూపించమన్నాను. దానికి అతను అన్న మాట అక్షరం మార్చకుండా రాస్తున్నాను: ‘మీలాంటి చిన్నవాళ్ళకు ఇంతసేపు చెప్పడమే ఎక్కువ.’ ఫోను పెట్టేశాడు.

డబ్బు పోయిన బాధ ఒకవైపు ఉంది. అయినా నా కడుపు మండిపోతున్నది ఆ మాటకు. చిన్నవాళ్ళ కోసమే పుట్టామని ప్రకటన వేసుకున్నది వాళ్ళే. చిన్నవాళ్ళ దగ్గర వకీలు ఉండడు, సాంకేతిక విషయాలు చూసే మనిషి ఉండడు, గట్టిగా అడిగేవారు ఉండరు. వాళ్ళ వ్యాపారమంతా నిలబడింది ఈ లెక్క మీదే. ఇంటికి సున్నం వేయడానికి పిలిస్తే వచ్చినవాడు ఇంటి పత్రాలు తన పేరున రాయించుకుని వెళ్ళినట్టు చేశారు.

ఎలా చేశారో చెబుతాను, ఎందుకంటే మీలో చాలామందికి ఇప్పుడు ఇదే పరిస్థితి ఉండి ఉంటుంది. మ్యాప్స్‌లో కనిపించే ఆ పేజీ పేరు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 నవంబరుకు ముందు గూగుల్ మై బిజినెస్ అనేవారు. అది పూర్తిగా ఉచితం. పెట్టుకోవడానికి ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. అందులో ప్రధాన యజమాని, యజమాని, మేనేజరు అని వేర్వేరు హోదాలు ఉంటాయి. బయటివాళ్ళకు పని అప్పగిస్తే మేనేజరు హోదా ఇస్తే చాలు; వివరాలు మార్చగలరు, రివ్యూలకు జవాబు ఇవ్వగలరు, కానీ ఇంకొకరిని చేర్చలేరు, మనల్ని తీసేయలేరు. ఈ సంస్థ మాత్రం తమ సొంత ఈమెయిల్‌తో ప్రొఫైల్ తెరిచి, ప్రధాన యజమానిగా తామే కూర్చుంటుంది. దుకాణం నిజంగా ఉందని గూగుల్‌కు చూపించే ధ్రువీకరణ కోసం దుకాణం బోర్డు, లోపలి పనిముట్లు కనిపించేలా వీడియో తీసి పంపమని నన్నే అడిగారు. నా బోర్డు, నా పనిముట్లు, నా చేతులు చూపించి ఆ ప్రొఫైల్‌ను వాళ్ళ పేరున ధ్రువీకరించుకున్నారు.

డొమైన్ విషయం ఇంకా దారుణం. డొమైన్ ఎవరి పేరున నమోదైతే, దాన్ని నమోదు చేసే సంస్థ లెక్కలో అది వాళ్ళది. వేరే సంస్థకు మార్చుకోవడానికి కావలసిన బదిలీ కోడ్ అడిగే హక్కు కూడా నమోదైన వ్యక్తికే ఉంటుంది. మా దుకాణం పేరుతో ఉన్న డొమైన్‌కు నమోదైన పేరు ఆ మార్కెటింగ్ సంస్థది. నా సంచుల మీద, నా చీటీల మీద అచ్చువేయించిన ఆ చిరునామాకు నేను ఎవరినీ కాను.

ఇక వాళ్ళు చేసిన పని ఏమిటో తీరిగ్గా కూర్చుని చూశాను. నా పేజీలో ఒక్కసారిగా ఐదు నక్షత్రాల రివ్యూలు పడినప్పుడు, పాత కస్టమర్లను అడిగి రాయిస్తున్నామని చెప్పారు. వాటిలో ఒకటి చూడండి: ‘గదులు శుభ్రంగా ఉన్నాయి, సిబ్బంది చాలా మర్యాదస్తులు, కుటుంబంతో మళ్ళీ వస్తాం.’ కుట్టుమిషన్లు బాగుచేసే చోట గదులెక్కడివి? ఎవరికో రాసినదాన్ని తెచ్చి నాకు అంటించారు. ఆ రాసిన పేరు మీద నొక్కితే ఒకే రోజు ఒకదానికొకటి సంబంధం లేని నగరాల్లో రివ్యూలు రాసి ఉన్నాయి. దొంగ రివ్యూలు గూగుల్ నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే వాటిని తీసేయడమే కాదు, కొంతకాలం కొత్త రివ్యూలు రాకుండా ఆపవచ్చు, ఉన్నవాటిని కూడా కనబడకుండా చేయవచ్చు, దొంగ రివ్యూలు తొలగించామని పేజీ మీదే నోటీసు పెట్టవచ్చు. ఆ నియమం ఉండాల్సిందే, నేను తప్పుపట్టను. కానీ ఆ మచ్చ పడేది నా దుకాణం పేరు మీద, ఆ సంస్థ పేరు మీద కాదు. ఏళ్ళ తరబడి నా పని చూసి నిజంగా రాసిన నలుగురి మాటలకు కూడా దీనితో విలువ పోయింది.

మొదటి స్థానం హామీ సంగతి. గూగుల్ తన సొంత పత్రాల్లోనే స్పష్టంగా రాసింది: మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరు. మ్యాప్స్ ఫలితాల విషయంలోనూ డబ్బు కట్టి స్థానం పెంచుకునే దారి లేదని, వెతికిన మాటకు ఎంత సంబంధం ఉంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అన్నవే లెక్కలోకి వస్తాయని రాసింది. మరి వాళ్ళు ప్రతి నెలా పంపిన నివేదికలో పచ్చ బాణాలతో ‘1వ స్థానం’ ఎలా చూపించారు? మా దుకాణం పూర్తి పేరు వెతికితే మా దుకాణమే మొదట వస్తుంది. అది ఏ ప్యాకేజీ లేకపోయినా వస్తుంది. మిగతావి ఎవరూ ఎప్పుడూ వెతకని ఆరేడు మాటల పొడుగాటి వాక్యాలు. గూగుల్ సర్చ్ కన్సోల్ అని ఉచిత సాధనం ఉంది; ఏ మాట వెతికితే మన సైటు ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు అన్నది అందులో ఉంటుంది. దాని ప్రవేశం ఇవ్వమని అడిగిన ప్రతిసారీ ‘అది టెక్నికల్ టీమ్ దగ్గర ఉంటుంది’ అని మాట దాటవేశారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఇంకో మాట. ‘బ్యాక్‌లింకులు’ అని వందల కొద్దీ చెత్త సైట్లలో నా లింకు పెట్టారు, అదేదో గొప్ప సేవ అని బిల్లులో విడిగా చూపించారు. ఇలాంటి లింకులతో వెతుకులాట ఫలితాల్లో సైటును పైకి ఎత్తడాన్ని అడ్డుకోవడానికే గూగుల్ 2012 ఏప్రిల్‌లో తన ఫలితాల పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. అంత పాతబడిన మోసాన్ని ఇంకా ప్యాకేజీలో పెట్టి అమ్ముతున్నారు.

ఫేస్‌బుక్ పేజీకి అనుచరులు పెరిగారు, నిజమే. వాళ్ళలో నా దుకాణానికి వచ్చే దూరంలో ఉన్నవారు దాదాపు లేరు. ప్రకటనను ఎక్కడ చవకగా లైకులు వస్తాయో అక్కడ చూపించి అంకె పెంచారు. ఆ ప్రకటనలు కూడా వాళ్ళ ఖాతా నుంచే నడిపారు కాబట్టి నా డబ్బులో ఎంత ప్రకటనకు పోయింది, ఎంత వాళ్ళ జేబులో పడింది అన్నది చూసుకునే దారి లేదు. గూగుల్‌లో గానీ ఫేస్‌బుక్‌లో గానీ మన ఖాతా మన దగ్గరే ఉంచుకుని, పాస్‌వర్డ్ చెప్పకుండానే బయటి సంస్థకు ప్రవేశం ఇచ్చే ఏర్పాటు ఉంది. వాళ్ళకు అది బాగా తెలుసు. తెలిసే అలా చేయరు.

ప్రస్తుతం నా పరిస్థితి ఇది. ప్రొఫైల్ యాజమాన్యం కోరుతూ గూగుల్‌కు అభ్యర్థన పెట్టాను. ఇప్పుడు యజమానిగా ఉన్నవాళ్ళకు జవాబివ్వడానికి కొన్ని రోజుల గడువు ఇస్తారు. జవాబు రాకపోతే మనం ధ్రువీకరించుకుని తీసుకునే వీలు ఉండవచ్చు, నిరాకరిస్తే అప్పీలు చేసుకోవాలి. దుకాణం తెరిచే ఉందని మ్యాప్స్‌లో మార్పు సూచించమని నాకు తెలిసిన వారందరినీ అడిగాను. రుసుము మాత్రం కట్టను. డొమైన్ కోసం కొట్లాడతాను, ఎంత కాలం పట్టినా సరే. సంచుల మీద ఆ చిరునామాను ప్రస్తుతానికి మార్కరుతో కొట్టేస్తున్నాను.

మీకు చెప్పేది కొంచెమే. డొమైన్ మీ ఈమెయిల్‌తో, మీ పేరున, మీరే డబ్బు కట్టి కొనండి. బిల్లు మీ పేరున రావాలి. మ్యాప్స్ ప్రొఫైల్ మీరే తెరవండి, పని చేసేవాళ్ళకు మేనేజరు హోదా మించి ఇవ్వకండి. పేజీలో మీ సొంత నంబరే ఉండాలి. చిన్న దుకాణానికి ఆన్‌లైన్‌లో కావలసినదాంట్లో చాలా భాగం ఉచితంగానే అవుతుంది: సరైన వేళలు, సరైన నంబరు, మీరు చేసిన పని ఫొటోలు, వచ్చిన ప్రతి రివ్యూకు జవాబు. ఇవి ఎవరి ప్యాకేజీ లేకుండా మీరే చేసుకోగలరు.

ఇప్పటికే వాళ్ళ దగ్గర ఉన్నవారు ఈ రాత్రే మీ బిజినెస్ ప్రొఫైల్‌లో వ్యక్తులు, ప్రవేశం అన్న చోట చూడండి, ప్రధాన యజమానిగా ఎవరి ఈమెయిల్ ఉందో. వాళ్ళదైతే, ప్యాకేజీ ఆపేస్తున్నామని చెప్పకముందే మీ పేరున మార్పించుకోండి. డొమైన్ కూడా అంతే. వాళ్ళు పంపిన మెసేజీలు, రసీదులు ఏవీ చెరపకండి. మానేస్తున్నామని ఒకసారి చెప్పాక వాళ్ళు మీ ఫోను ఎత్తరు.