కాస్ పీఠభూమి: ఆర్కిడ్ కోసమైతే ఆషాఢంలోనే వెళ్లండి

"ఆర్కిడ్ స్పెషల్" అని పేరు పెట్టి, మనిషికి 6,800 రూపాయలు కట్టించుకుని, సెప్టెంబరు ఆఖరి వారంలో మహారాష్ట్రలోని కాస్‌కు తీసుకెళ్లారు ఒక ట్రావెల్స్ వాళ్లు. రెండు రోజుల్లో చూపించిన ఆర్కిడ్లు మూడంటే మూడు. అవీ పూలు రాలిపోయి కాయ కట్టిన కాడలు. అడిగితే "ఈసారి వానలు అటూ ఇటూ అయ్యాయి సార్" అన్నాడు వెంట వచ్చిన కుర్రాడు. వానల తప్పేమీ లేదు. తివాచీలా పరుచుకునే గులాబీ రంగు గౌరీపూల కోసం జనం ఎగబడే వారాలు వేరు, అక్కడి నేల ఆర్కిడ్ పూసే వారాలు వేరు. వాళ్ల కరపత్రం మీద వేసిన బొమ్మ మాత్రం జూలైలో పూసే పువ్వుది. అంటే తెలియక అమ్మారనడానికి కూడా లేదు.

మరుసటి ఏడు జూలై మొదటి వారంలో ఎవరి ప్యాకేజీ లేకుండా నలుగురం వెళ్లాం. సతారా నుంచి లెక్క ఇది: రోజంతా కారు 1,900, బస్టాండు దగ్గర లాడ్జిలో ఇద్దరికి గది 1,300. తిండితో కలిపి తలకు 1,500 దాటలేదు.

కాస్ సతారాకు పాతిక కిలోమీటర్ల దూరంలో, సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. 2012లో పశ్చిమ కనుమలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. పైన పరుచుకున్నదంతా లాటరైట్ రాయి. దాని మీద మట్టి చాలాచోట్ల వేళ్ల మందం కూడా ఉండదు. వానాకాలం నాలుగు నెలలు నీళ్లు నిలుస్తాయి, ఆ తర్వాత పెనంలా ఎండుతుంది. చెట్టు నిలవలేని చోటు కాబట్టే చిన్న మొక్కలకు రాజ్యం దొరికింది. సారం లేని మట్టి కాబట్టే పురుగుల్ని పట్టి తినే డ్రోసెరా కూడా అక్కడే కాపురం పెట్టింది.

జూలైలో చూడాల్సింది హాబెనేరియా గ్రాండిఫ్లోరిఫార్మిస్ అనే నేల ఆర్కిడ్. పేరు నోరు తిరగదు గానీ మరాఠీ వాళ్లు చక్కగా "ఆషాఢ ఆమరీ" అంటారు, ఆమరీ అంటే ఆర్కిడ్. సాధారణంగా ఒకే ఒక్క ఆకు, గుండ్రంగా, నేలకు అంటించిన బొట్టుబిళ్లలా ఉంటుంది. దాని మధ్య నుంచి లేచిన కాడ జానెడు కూడా ఉండదు. పైన తెల్లని పూలు ఒకటో, రెండో, నాలుగో. నిలబడి చూస్తే గడ్డిపువ్వు అనుకుని దాటేస్తారు. మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. పెదవి అనే కింది రేకు మూడు చీలికలు, వెనక వేలాడే సన్నని గొట్టం. పువ్వు కింది తొడిమలా కనిపించేది నిజానికి అండాశయం. అది తడిగుడ్డ పిండినట్టు మెలి తిరిగి ఉంటుంది. మొగ్గలో పైకి ఉన్న పెదవి ఆ మెలికతోనే కిందికి వస్తుంది. పదిరెట్ల భూతద్దం ఉంటే ఈ మెలిక స్పష్టంగా తెలుస్తుంది, కెమెరా కంటే ముందు అది సర్దుకోండి.

ఆకు నేలకు అతుక్కుని ఉండటమే దాని ప్రాణం మీదికి తెచ్చేది. బూటు కింద పడ్డా తొక్కిన వాడికి తెలియదు. అడుగు ఎప్పుడూ బోడిరాయి మీదే వేయండి, పచ్చగా ఉన్నచోట వద్దు. పూల సీజన్ గేటు తెరవకముందు వెళ్తున్నారు కాబట్టి లోపలికి దూరకండి. సతారా నుంచి పైకెక్కే దారిలో యవతేశ్వర్ ఘాట్ దాటాక రోడ్డు అంచునే కావలసినన్ని కనిపిస్తాయి. గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది. రెయిన్‌కోటు, జారని అడుగున్న బూట్లు, లెన్సు తుడవడానికి రెండు పొడి గుడ్డలు చాలు. కారు ఏసీలోంచి కెమెరా ఒక్కసారిగా బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పట్టి పావుగంట పోతుంది, అద్దాలు దించుకునే ప్రయాణం చేయండి.

మా బావగారు ఒక మొక్క తవ్వి కుండీలో పెడదామన్నారు, వద్దంటే మధ్యాహ్నం దాకా ముభావంగానే ఉన్నారు. నేల ఆర్కిడ్ దుంప మీద బతుకుతుంది. పాత దుంప ఈ ఏటి పువ్వుకు ఖర్చయిపోతుంటే, పక్కనే వచ్చే ఏటి దుంప ఊరుతుంటుంది. పూత మీద తవ్వితే రెండూ పోతాయి. పైగా వేళ్లకు తోడుండే బూజు (శిలీంధ్రం) ఆ మట్టిలోనే ఉండిపోతుంది. గింజ నుంచి పెంచుదామన్నా అంతే, ధూళిలాంటి ఆ గింజలో తిండి నిల్వ ఉండదు, ఆ బూజు అందిస్తేనే మొలక. ఇదంతా చెప్పినా ఆయన మనసు మార్చింది భోజనమే. దారిలో ఒక ఇంట్లో 120 రూపాయలకు శనగపిండితో చేసే పిఠలా, పచ్చిమిర్చి పచ్చడి ఠేచా, పొయ్యి మీంచి తీసిన జొన్నరొట్టె భాక్రీ పెట్టారు. మూడో భాక్రీకి అలక తీరింది.

పైన రోడ్డు పక్క రిసార్టుల మోజు వద్దు. పోయినసారి ప్యాకేజీలో దిగిన గదికి విడిగా 3,200 అట. గోడలు చెమ్మ, దుప్పటి ముక్క వాసన, గీజర్ ఉంది గానీ దానికి కరెంటు లేదు. తడి సాక్సులు రెండు రోజులైనా ఆరలేదు. సతారాలోనే ఉండి పొద్దున ఏడింటికి బయలుదేరండి. పొగమంచు కమ్మితే దీపాలు వేసుకుని పక్కన ఆగాలి, అందుకు గంట ఎక్కువ పెట్టుకోండి.

పూల తివాచీ, ఆర్కిడ్ రెండూ ఒకే ట్రిప్పులో కావాలని పట్టుబడితే ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు మొదటి పక్షం మధ్య చూసుకోండి. అప్పుడు దొరికేది హాబెనేరియా హేనియానా, టూత్‌బ్రష్ ఆర్కిడ్. పూలన్నీ కాడకు ఒకే వైపు బ్రష్ కుచ్చులా వరస కడతాయి. రోజుకు 3,000 మందినే అనుమతిస్తారు, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవడం మేలు. శని, ఆదివారాలు మాత్రం పెట్టుకోకండి.