మలయ్ మీద రీసెర్చ్ చేద్దామంటే ఏ మలయ్? స్టాండర్డా, జకార్తా మాటా, శ్రీలంక మలయా?

లింగ్విస్టిక్స్ చదువుతూ ద్రావిడ భాషలు దాటి ఇంకేదైనా భాష మీద పని చేద్దామనుకునేవాళ్లకి నేను మలయ్ పేరే చెప్తాను, అదే మలేషియా, ఇండోనేషియాల భాష. కానీ వెంటనే ఒక చిక్కు వస్తుంది, ఏ మలయ్ అని. ఇండోనేషియా వాళ్ల బడి భాష ఒకటి, మలేషియా వాళ్ల బడి భాష ఇంకోటి, జకార్తాలో జనం నోట ఆడేది వేరు, తూర్పు ఇండోనేషియాలోని అంబోన్‌లో, మనాడోలో, పపువాలో ఎక్కడికక్కడ వేరు, థాయ్‌లాండ్ దక్షిణాన పట్టానీలో ఒక రకం, శ్రీలంకలో మరో రకం. అన్నిటినీ మలయ్ అనే అంటున్నా, గ్రామర్ దగ్గరికొచ్చేసరికి కొన్ని అసలు చుట్టాలేనా అనిపించేంత దూరం వెళ్లిపోయాయి.

ముందు స్టాండర్డ్ ఇండోనేషియన్ సంగతి. 1928 అక్టోబర్ 28న యువకులంతా కలిసి మన భాష ఇదీ అని ప్రతిజ్ఞ చేసిన దగ్గర్నుంచి దానికి బాగా అండ దొరికింది, 1972లో ఇండోనేషియా, మలేషియా రెండూ స్పెల్లింగ్ ఒక దారికి తెచ్చుకున్నాయి, ప్రభుత్వ డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది, గ్రామర్ పుస్తకాలకి కొదవ లేదు. కాబట్టి మెటీరియల్ పరంగా దీన్ని కొట్టేది లేదు. మరి రీసెర్చ్‌కి? నాకు మనసొప్పదు. 2010 జనాభా లెక్కల్లో ఇంట్లో రోజూ ఇండోనేషియన్ మాట్లాడతామని చెప్పినవాళ్లు ఐదింట ఒక వంతే, వాళ్లు మాట్లాడేది కూడా పుస్తకంలో ఉన్న భాష కాదు. పైగా చదువుకున్న మనిషిని కూర్చోబెట్టి ఈ వాక్యం ఇలా అంటారా అని అడిగితే టీచర్ నేర్పిందే చెప్తాడు, బయటికెళ్లి ఫ్రెండ్‌తో ఇంకోలా మాట్లాడతాడు. గిడుగు రామమూర్తి గారు ఎందుకు అంత పోరాడారో తెలిసిన మనకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మలేషియా స్టాండర్డ్‌దీ ఇదే కథ, 1988లో రాసినట్టే పలకాలని ఒక ఉచ్చారణ తెచ్చారు, 2000లో వెనక్కి తీసుకున్నారు. పాత రాతలు, జావీ లిపి (మలయ్‌ని అరబిక్ అక్షరాల్లో రాసే పద్ధతి) మీద ఇంట్రెస్ట్ ఉంటే మాత్రం మలేషియా వైపే వెళ్లండి.

జకార్తా మాటకొస్తే అసలు మజా ఇక్కడ మొదలవుతుంది. స్టాండర్డ్‌లో ఎవరికైనా కొనిపెట్టడాన్ని "మెంబెలికాన్" అంటారు, ముందొకటి వెనకొకటి తగిలించి. జకార్తాలో "బెలీన్", అంతే. ముందున్న "మెం" ఎగిరిపోయింది, "కాన్" పోయి "ఇన్" వచ్చింది. ఆ ఒక్క "ఇన్" స్టాండర్డ్‌లోని "కాన్", "ఇ" రెండు ప్రత్యయాల పనీ చేసేస్తుంది, కాబట్టి పుస్తకం గ్రామర్ పట్టుకుని దీన్ని కొలిస్తే తప్పులా కనిపిస్తుంది, దీన్ని దీనిలాగే చూస్తే లెక్క శుభ్రంగా ఉంటుంది. జర్మనీ లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ జకార్తాలో ఆత్మా జయ యూనివర్సిటీతో కలిసి చాలా ఏళ్లు ఫీల్డ్ స్టేషన్ నడిపింది, పిల్లలు మాటలు నేర్చుకునేటప్పుడు చేసిన రికార్డింగులు రాసి పెట్టింది, ఆ డేటా CHILDES అనే పిల్లల భాష డేటాబేస్‌లో ఎవరికైనా దొరుకుతుంది. టికెట్ కొనకుండా హైదరాబాద్‌లో కూర్చుని పేపర్ రాయగలిగే అవకాశం ఈ రకంతోనే ఎక్కువ.

ఆ స్టేషన్ వెనకున్న డేవిడ్ గిల్ సుమత్రాలోని రియావ్‌లో జనం మాట్లాడే ఇండోనేషియన్ మీద చెప్పింది ఇంకా పెద్ద గొడవ లేపింది. "ఆయమ్ మాకాన్" అంటే కోడి, తిను, ఈ రెండు మాటలే. సందర్భాన్ని బట్టి కోడి తింటోంది, కోళ్లు తిన్నాయి, ఎవరో కోడిని తింటున్నారు, తింటున్న కోడి, ఇలా ఏదైనా కావచ్చు. ఈ భాషకి నామవాచకం, క్రియ అనే తేడానే పెద్దగా అక్కర్లేదని ఆయన వాదన, కాదని ఎదురు వాదించినవాళ్లూ ఉన్నారు. థియరీ అంటే ప్రాణం పెట్టేవాళ్లకి ఇంతకంటే మంచి చోటు లేదు.

పపువా మలయ్ గురించి ఒక్క ముక్క. "నా ఇల్లు" స్టాండర్డ్‌లో "రుమా సాయా", ఇల్లు ముందు, నేను తర్వాత. పపువాలో "సా పు రుమా", మనలాగే మనిషి ముందు. ఏంజెలా క్లూగె రాసిన గ్రామర్ 2017లో వచ్చింది, ఫ్రీగా దించుకోవచ్చు, ఒక భాషని ఎలా వర్ణించాలో నేర్చుకోడానికైనా చదవండి. ఫోనెటిక్స్ వాళ్లైతే పట్టానీ వదలొద్దు. మనకి గడి, గడ్డి తేడా మాట మధ్యలో ద్విత్వం వల్ల వస్తుంది కదా, వాళ్లకి మాట మొదట్లోనే వస్తుంది. "జలె" అంటే దారి, మొదటి జ ని కాస్త పట్టి ఉంచి పలికితే నడవడం. స్టాండర్డ్‌లో నడవడానికి "బెర్‌జాలాన్", ఇక్కడ ఆ "బెర్" పోయి జ సాగింది.

ఇక నా ఓటు శ్రీలంక మలయ్‌కి, మొహమాటం లేకుండా చెప్తున్నా. డచ్ వాళ్ల కాలంలో సైనికులుగా, ఖైదీలుగా, దేశం నుంచి వెళ్లగొట్టినవాళ్లుగా వచ్చినవాళ్ల వారసులు 40 వేల పైచిలుకు ఉన్నారు. వాళ్ల నోట్లో మలయ్ తిరగబడిపోయింది. క్రియ వాక్యం చివరికొచ్చింది, విభక్తులు పేరు వెనకాల చేరాయి. "సె కాండి-నాంగ్ సు-పీ", నేను క్యాండీకి వెళ్లాను. "నాంగ్" అచ్చం మన "కి" లాగే పనిచేస్తోంది, స్టాండర్డ్‌లో అదే పనికి "కె" అని ఊరి పేరుకి ముందు పెడతారు. నాకు ఆకలేస్తోంది అన్నప్పుడు మనం "నాకు" అంటాం చూడండి, అలాంటి వాక్యాలూ ఉన్నాయి. మలయ్ ఒంటికి ఇదంతా ఎలా పట్టింది, తమిళ ముస్లింలతో పెళ్లిళ్ల వల్లనా, సింహళం వల్లనా అని ఏళ్ల తరబడి వాదన నడుస్తోంది, తేల్చడం కష్టం ఎందుకంటే ఈ విషయాల్లో తమిళం, సింహళం రెండూ ఒకేలా నడుస్తాయి. ఇంగ్లిష్ అలవాటున్న రీసెర్చర్ కష్టపడి నేర్చుకోవాల్సిన వాక్యం మన చెవికి మొదటిసారే తెలిసినట్టుంటుంది, కానీ అక్కడే జాగ్రత్త పడాలి, తెలుగులో ఉందని అక్కడా అలాగే ఉందనుకుంటే డేటా చెడుతుంది.

కొలంబోలో పిల్లలు ఇంగ్లిష్‌కీ సింహళానికీ మళ్లిపోతున్నారు, హంబన్‌తోట వైపు కిరిందాలో పిల్లలు మలయ్ మాట్లాడుతున్నట్టు పరిశోధకులు రాశారు. కాబట్టి ఇది ఎంచుకుంటే ముందు ఆరు నెలలు స్టాండర్డ్ ఇండోనేషియన్ పుస్తకం తిరగేయండి, ఏది ఎక్కడ మారిందో పట్టుకోడానికి అది కావాలి, దాంతోపాటు తమిళం గానీ సింహళం గానీ మాట్లాడగలిగేంత నేర్చుకోండి. ప్రయాణం కుదరనివాళ్లు జకార్తా పిల్లల రికార్డింగులతో ఈ వారమే మొదలుపెట్టొచ్చు.