ప్రెజర్ పంపు ఉన్న ఇంట్లో గీజరు ఎంతలో పెట్టాలి: నాలుగు చలికాలాల తర్వాత

మాది విజయవాడ సత్యనారాయణపురంలో పాత డాబా. ట్యాంకు స్లాబు మీదే ఉంది, షవరుకి ఆరడుగుల ఎత్తు కూడా లేదు. ఆ ఎత్తుకి 0.2 బార్ ఒత్తిడి కూడా రాదు. షవరు కింద నిలబడితే నీళ్లు కారేవి, అంతే. అందుకని 25 లీటర్ల గీజరుకి చిన్న ప్రెజర్ పంపు పెట్టించాను.

ప్లంబరు దాన్ని గీజరు నుంచి బయటికొచ్చే వేడినీళ్ల పైపుకి బిగించాడు. పంపు వచ్చాక నీళ్లు చిటికెలో అయిపోతున్నాయి. బాగా మరిగితే ఎక్కువసేపు వస్తాయి కదా అని నేను నాబ్ చివరిదాకా, 75కి తిప్పేశాను. రెండో చలికాలానికి పంపులో గులకరాళ్లు పోసినట్టు చప్పుడు. ఆ తర్వాత నెలకే షాఫ్టు దగ్గర కారడం మొదలైంది, సీలు పోయింది. అప్పుడు తీశాను పంపుతో వచ్చిన పుస్తకం. 60 డిగ్రీలు దాటిన నీళ్లు పంపకూడదని రాసే ఉంది! నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగిన గాలి బుడగలై విడిపోతుంది. పంపు లాగే వైపు ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ మరీ ఎక్కువ. చప్పుడు ఆ బుడగలదే.

వేడి లైనుకి మాత్రమే పంపు పెడితే ఇంకో తంటా. ఆ తోపుకి చన్నీళ్లు మిక్సరులోకి రావు. అమ్మ వీపు ఒకసారి చుర్రుమంది, వారం రోజులు బకెట్టు స్నానమే చేసింది.

ఇప్పుడు పంపు ట్యాంకు కిందికి మారింది, రెండు లైన్లకీ అదే. వేడినీళ్లు వెనక్కి తన్నకుండా నాన్ రిటర్న్ వాల్వ్ వేయించాం. అది వేస్తే గీజరు సేఫ్టీ వాల్వ్ తప్పకుండా పనిచేస్తుండాలి, కాగి పెరిగిన నీటికి వేరే దారి ఉండదు.

పంపుకి ఇక వేడి తగలదు, అయినా నాబ్ 60 దగ్గరే. పైకి పోతే మా బోరు నీళ్లకి రాడ్డు మీద సున్నం పేరుకుంటుంది. బాగా తగ్గిస్తే నిల్వ నీటిలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుందట, పైగా స్నానం సగంలో చల్లబడుతుంది. ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలనుకుంటే, 60లో పెట్టిన గీజరు 40 డిగ్రీల నీళ్లు 50 లీటర్లు ఇస్తుంది. 50లో పెడితే 37 లీటర్లే.

పంపు మోత మాత్రం తగ్గలేదు. తెల్లారి అయిదింటికి నాన్న షవరు తిప్పితే ఇల్లంతా లేస్తుంది.