పీహెచ్ మీటరు మూతలో ఏ ద్రవం ఉంచడం మేలు?

చేపల తొట్టె కోసం, నీటి ఆమ్లత్వాన్నీ క్షారత్వాన్నీ కొలిచే పీహెచ్ మీటరు కొన్నవారిలో చాలామంది, పని ముగిశాక దాని ప్రోబ్‌ను (నీటిలో ముంచే గాజు కొనను) డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచితే భద్రమని భావిస్తారు. చూడటానికి అంతకంటే శుభ్రమైన ద్రవం లేకపోయినా, ప్రోబ్‌ను ఎక్కువగా పాడుచేసేది అదే. గాజు బుడ్డి పైన నీటిని పీల్చుకున్న అతి పలుచని పొర ఒకటి ఉంటుంది, హైడ్రోజన్ అయాన్లకు స్పందించేది ఆ పొరే. దాని పక్కనున్న రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌లోని (కొలతకు పోలికగా నిలిచే భాగంలోని) పొటాషియం క్లోరైడ్ అనే లవణం, సూక్ష్మరంధ్రాలున్న జంక్షన్ ద్వారా బయటి నీటిని తాకుతూ ఉంటుంది. లవణాలు లేని నీటిలో ప్రోబ్‌ను వారాల తరబడి ఉంచితే లోపలి లవణం బయటికి ఊరిపోయి, రీడింగు నిలకడగా నిలవదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీటికీ ఇదే వర్తిస్తుంది. ఆ నీరు ప్రోబ్‌ను కడగడానికి, బఫర్ (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణం) పొడి కలపడానికి మాత్రమే పనికివస్తుంది.

కుళాయి నీటిలో ఎంతోకొంత లవణం ఉంటుంది కనుక, మరేదీ అందుబాటులో లేని రాత్రికి అది చాలు. అంతకు మించి దానిని నమ్ముకోకూడదు.

అసలు పోటీ పీహెచ్ 4 బఫర్‌కూ పొటాషియం క్లోరైడ్ ద్రావణానికీ మధ్యనే. బఫర్ ఎలాగూ క్యాలిబ్రేషన్ (మీటరు రీడింగును సరిచూసి దిద్దడం) కోసం ఇంట్లో ఉంటుంది, దాని ఆమ్లత్వం వల్ల బూజు అంత తేలికగా పట్టదు. పీహెచ్ 7 దగ్గరి బఫర్‌లో బూజు త్వరగా పెరుగుతుంది, 9.18 బఫర్ అయితే క్షారం కనుక గాజుకు మంచిది కాదు. అయినా నా ఓటు 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌కే. లోపలి ద్రావణమూ బయటి ద్రావణమూ దాదాపు ఒకే గాఢతతో ఉన్నప్పుడు జంక్షన్ గుండా లవణం పోయే అవకాశం తక్కువ. 22.4 గ్రాముల లవణాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి మొత్తం 100 మిల్లీలీటర్లకు తెస్తే ద్రావణం సిద్ధమవుతుంది. మూతలోని స్పాంజి తడిసేంత పోస్తే చాలు కనుక ఇది నెలల తరబడి వస్తుంది. పొలానికి వేసే ఎర్ర పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే కదా అని దానిని వాడకూడదు, అందులోని మలినాలు జంక్షన్‌ను మూసివేస్తాయి. మూత చుట్టూ తెల్లని స్ఫటికాలు పేరుకుంటే కంగారు పడనక్కరలేదు, కడిగితే పోతాయి. పొరపాటున ఎండిపోయిన ప్రోబ్‌ను రాత్రంతా ఇదే ద్రావణంలో నానబెడితే చాలాసార్లు తిరిగి కోలుకుంటుంది.

ప్రోబ్‌ను ఎంత బాగా భద్రపరిచినా క్యాలిబ్రేషన్ తప్పదు. డిస్కస్, టెట్రా వంటి చేపలున్న తొట్టెకు 6.86, 4.00 బఫర్లు సరిపోతాయి. 8.1 నుంచి 8.4 మధ్య ఉండవలసిన సముద్రపు తొట్టెకు మాత్రం 6.86తో పాటు 9.18 కావాలి. ఈ 9.18 బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని బలహీనపడుతుంది కనుక, ఒకసారి వాడినదానిని తిరిగి సీసాలో పోయకూడదు. గాజు బుడ్డిని గుడ్డతో రుద్దకుండా, మెత్తని కాగితంతో తడి అద్దితే చాలు.

ఇంత శ్రద్ధ పెట్టినా ప్రోబ్ సాధారణంగా ఒకటి రెండేళ్లకు మించి రాదు. అందుచేత, మంచినీటి తొట్టెను నెలకొకసారి మాత్రమే పరీక్షించేవారికి, 6.0 నుంచి 7.6 వరకు రంగు మార్పుతో చూపే చుక్కల మందు కిట్టే మేలు.